కోరంగి రేవున సుంకపు ఠాణా

పెద్దల నోట "ఘట్టకుటీప్రభాత న్యాయము" అను మాట యొకటి వినుచుందుము. సుంకము ఎగవేయదలచిన బండివాడొకడు రాత్రివేళ రాచబాటను విడిచి అడ్డదారిని పట్టెనట. చీకటిలో దారి తప్పి, రాత్రియెల్ల తిరిగి తిరిగి, తెల్లవారిన పిదప చూచుకొనగా బండి సరిగా సుంకరి గుడిసె ముందరనే నిలిచియుండెనట. దేనిని తప్పించుకొని పోవలెనని తలంతుమో తుదకు దాని యెదుటనే తేలుదుమని దీని తాత్పర్యము.

ఊర్జానగరమునందలి తెలుగువారి కథ చెప్పబూనిన వానికిని ఇట్టి గతియే పట్టునని నాకు తోచుచున్నది. మన కథను సాధారణముగా విద్యుత్కేంద్రముతో మొదలుపెట్టుదుము. కొంచెము వెనుకకు పోవువారు బల్లార్పూరు, ఘుగ్గుసు, మాజ్రీ బొగ్గుగనులను, బల్లార్పూరు కాగితపు మిల్లును తలచుకొందురు. ఇంకను వెనుకకు పోయినకొలది ఆ దారి అడవులలో దూరి, నది వెంట దిగి, వందల మైళ్ల యవతల సముద్రపుటొడ్డున ఒక చిన్న రేవునకు చేరును. అచటి సుంకపు ఠాణా వాకిట మన బండి నిలుచును. ఆ రేవు పేరు కోరంగి.

చాందాకును సముద్రమునకును సంబంధమేమని చదువరులు అడుగవచ్చును. దేశపటము ముందుంచుకొని చూడుడు. మన విద్యుత్కేంద్రమునకు నీరిచ్చు ఇరయి నది చంద్రపురము ప్రక్కగా పారి వార్ధాలో కలియుచున్నది. వార్ధా వైనగంగతో కలిసి ప్రాణహిత యగుచున్నది. ప్రాణహిత సిరొంచ దాటి కాళేశ్వరము కడ గోదావరిలో కలియుచున్నది. ఆ గోదావరి భద్రాచలము, పాపికొండలు, రాజమహేంద్రవరము దాటి ధవళేశ్వరము దిగువను పాయలుగా చీలుచున్నది. అందు గౌతమీపాయ యానాము ప్రక్కగా పోవుచు, తన చిన్న శాఖ నొకదానిని ఉత్తరముగా కోరంగి మీదుగా కాకినాడ అఖాతమునకు పంపుచున్నది. కావున మన ముంగిట పారు నీరే కోరంగి రేవును తాకునది. నీరు పోయిన దారినే టేకుదుంగలు పోయెను. పత్తియు పోవలెనని ఒక తరము పెద్ద పెద్ద యింజనీర్లు కలలు కనిరి. ఆ కథయే ఈ వ్యాసమునకు విషయము.

సుంకము, సుంకరి

సుంకము తెల్లదొరలు తెచ్చిన క్రొత్తపన్ను కాదు. సంస్కృతమున శుల్కమైనది తెలుగున సుంకమైనది. దానిని వసూలు చేయువాడు సుంకరి. ఆ వృత్తి మన ఇంటిపేర్లలోను నిలిచియున్నది. సుంకరి దగ్గర సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లు అను సామెత పుట్టిన దేశము మనది. అతనికి బండిలోని మూటలే కాని బండివాని మొగము కనబడదని మనవారికి ఎన్నడో తెలియును.

ఐనను సుంకము విషయమున మన రాజులు చూపిన వివేకమునకు గొప్ప సాక్ష్య మొకటి కలదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లి రేవున అభయశాసనమును వ్రాయించెను. అంతకు పూర్వము తుపానునకు చిక్కి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరుకును రాజులు బలాత్కారముగా కైవసము చేసికొనెడివారు. గణపతిదేవుడు ఆ దురాచారమును మాన్పించి, ముప్పదింట ఒక వంతు సుంకము మాత్రమే గ్రహింతునని దూరదేశ వర్తకులకు అభయమిచ్చెను. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు మున్నగు సరుకుల పేర్లతో ఆ శాసనము నేటికిని చదువనగును. తరువాత 1358లో కొండవీటి అనపోతారెడ్డియు అదే రేవున వర్తకులకు అభయమిచ్చి శాసనము వ్రాయించెను. శ్రీనాథుని హరవిలాసమును అంకితముగొన్న అవచి తిప్పయ్యశెట్టి ఇట్టి సముద్రవ్యాపారపు ఐశ్వర్యముతో వెలసినవాడే.

ఈ శాసనములలో మనము గమనింపదగిన సూక్ష్మ మొకటి కలదు. సుంకమనగా దోపిడి కాదు. ఇంతమాత్రమే తీసికొందును, అంతకు మించి తాకనని పాలకుడు చేయు ప్రతిజ్ఞ. ఆ ప్రతిజ్ఞకు రాతియే సాక్షి. ఎంత సుంకమో ముందుగా తెలిసిన రేవునకు ఓడలు వచ్చును. తెలియని రేవును అవి తప్పించుకొని పోవును.

మూడు జెండాల నడుమ

ఐరోపా వర్తకులు మొదట దిగినది మచిలీపట్నమున. అచట 1632లో గోలకొండ సుల్తాను ఆంగ్లేయులకు "బంగారు ఫర్మానా" యని పేరొందిన పత్రము నొసగెను. ఏటేట 500 వరహాలు చెల్లించినచో గోలకొండ రేవులలో వారు స్వేచ్ఛగా వ్యాపారము చేసికొనవచ్చునని దాని సారాంశము. వ్యాపారము ఎంత పెరిగినను చెల్లింపవలసినది ఆ 500 వరహాలే. సుంకపు పద్దులో ఒక పంక్తిని తమవైపు త్రిప్పుకొనుట ఎంతటి సంపాదనయో ఆంగ్లేయులు ఆనాడే గ్రహించిరి.

పదునెనిమిదవ శతాబ్దమున వారి చూపు గోదావరీ ముఖములవైపు మళ్లెను. అచటి నేతబట్టలు దానికి కారణము. గౌతమీ తీరమున ఇంజరములో ఆంగ్లేయులు, యానాములో ఫ్రెంచివారు, ఉత్తరముగా కాకినాడ కడ జగన్నాథపురములో డచ్చివారు కోఠీలు కట్టుకొనిరి. యానాములో ఫ్రెంచివారు తొలిసారి అడుగుపెట్టినది 1723లో. కొలది మైళ్ల వ్యవధిలో మూడు జెండాలు ఎగురుచుండగా, ఆ మూడింటి ఓడలకును నీడనిచ్చిన రేవు కోరంగి.

తూర్పుతీరమున ఓడలకు సహజమైన ఆశ్రయములు మిక్కిలి తక్కువ. అలలు విరుగు చోట నిలువ వీలుకాక పెద్ద ఓడలు దూరమున లంగరు వేయును. సరుకు దోనెలలో ఒడ్డునకు చేరవలెను. కోరంగి ముఖమున మాత్రము నీరు నిలుకడగా ఉండుటచేత నైరృతి ఋతుపవనకాలమునను ఓడలు అచట నిలిచి మరమ్మతులు చేయించుకొనెడివి. క్రొత్త ఓడలను కట్టు వడ్రంగులును అచటనే ఉండిరి. ప్రక్కనున్న తాళ్లరేవున కొయ్య ఓడలు కట్టు విద్య కోరంగి రేవు పోయిన పిదపను చిరకాలము నిలిచెను. ఆ ఓడలకు కావలసిన టేకు ఎచటినుండి వచ్చెను? గోదావరి వెంట తేలుచు ఎగువ అడవులనుండి వచ్చెను. అహేరి, సిరొంచ ప్రాంతముల టేకుదుంగలు తెప్పలుగా కట్టబడి వరదనీటిలో రాజమహేంద్రవరమునకు దిగెడివి. సముద్రమును ఎన్నడును చూడని మన అడవులు సముద్రము మీద తిరిగినవన్నమాట.

ఐతే ఆ నది సంపదతోపాటు ముప్పును తెచ్చునదే. 1789 డిసెంబరులో పెనుగాలి వీచి, సముద్రము కెరటములుగా లేచి, కోరంగిని ముంచెత్తెను. ఓడలు పొలముల మీదికి కొట్టుకొనిపోయెను. ఊరు మరల లేచెను. 1839 నవంబరు 25న మరియొక ఉప్పెన వచ్చి దానిని నేలమట్టము చేసెను. నేడు లోకమంతయు వాడు "సైక్లోను" అను పదమును సృష్టించిన హెన్రీ పిడింగ్టను తన రచనలలో కోరంగి ఉపద్రవమును ప్రత్యేకముగా పేర్కొన్నాడు. ఆ శాస్త్రము పుట్టుటకు కారణమైన దుఃఖములలో మన తెలుగువారి దుఃఖమును ఒకటి.

ఠాణాలో జరుగు పని

ఇట్టి చిన్నరేవులోని సుంకపు ఠాణా యెట్లు నడచునో నేటి పిల్లలు ఎరుగరు. ఓడ రాగానే దాని తండేలు సరుకుల జాబితాను అధికారికి సమర్పింపవలెను. సరుకంతయు దిగువరకు ఓడ మీద ఒక బంట్రోతు కావలియుండును. వర్తకుడు తన సరుకేదో, ఎంతయో, దాని వెల యెంతయో వ్రాసియిచ్చును. కాటా మీద తూచి, మూటలలో కొన్నింటిని విప్పి చూచి, వ్రాతకును సరుకునకును పొత్తు కుదిరెనో లేదో తేల్చుదురు. కొన్ని సరుకులపై తూకమును బట్టియు, కొన్నింటిపై వెలను బట్టియు సుంకము కట్టుదురు. నాణెములు మంచివో చెడ్డవో షరాబు పరీక్షించును. డబ్బు ఖజానాకు చేరును. వర్తకునికి చీటి దక్కును. రేవు విడుచునపుడును అంతే. బాకీలేమియు లేవని చీటి చూపనిదే ఓడ తెరచాప ఎత్తరాదు.

వేల మైళ్ల దూరమున ఇంగ్లండులో జరుగు నిర్ణయములకు లోబడి ఈ చిన్న ఠాణా పుస్తకములు మారుచుండెను. సిపాయిల తిరుగుబాటుచేత ఖజానా వట్టిపోగా 1860లో దిగుమతులపై సాధారణ సుంకమును నూటికి 10 వంతులు చేసిరి. 1864లో దానిని ఏడున్నరకును, 1875లో అయిదునకును తగ్గించిరి. 1878లో సముద్ర సుంకముల చట్టము వచ్చెను. లాంకషైరు మిల్లుదారుల ఒత్తిడి పెరుగగా 1882లో ఉప్పు, మద్యము, ఆయుధములు వంటి కొన్నింటిని తప్ప మిగిలిన దిగుమతులను సుంకమునుండి విడిచిపెట్టిరి. ఐనను గోదావరి మండలములో ముఖ్యముగా పండు బియ్యముపై మాత్రము మణుగునకు 3 అణాల ఎగుమతి సుంకము నిలిచెను. 1894లో దిగుమతి సుంకమును మరల నూటికి 5 వంతులు వేసిరి. 1896లో విలాయతీ బట్టపై మూడున్నర వంతుల సుంకము విధించుచు, దానికి సమానముగా మన మిల్లుబట్టపైనను మూడున్నర వంతుల పన్ను కట్టిరి. ఇంజరపు నేతబట్టకై ఓడలెక్కి వచ్చినవారి సంతతి ఇదే తీరమున మాంచెస్టరు బట్టకు దారి చదును చేయుట కాలవైపరీత్యము కాక మరేమి?

దేశము లోపలి చౌకీలు

రేవుల ఠాణాకంటె ప్రజలను ఎక్కువగా బాధించినవి దేశము లోపలి చౌకీలు. వీనిని సాయరు సుంకములనెడివారు. ఊరూర, వాగువాగున, కనుమకనుమన చౌకీ యుండెను. ఎద్దుల మీద ఉప్పు తెచ్చు బంజారీ నాయకుడు పది చౌకీలు దాటవలెను. ప్రతిచోట సుంకముతోపాటు బంట్రోతు చేయియు తడుపవలెను. సముద్రతీరపు ఉప్పును బీరారు, నాగపూరు దేశములకు మోసి, తిరుగుప్రయాణమున అచటి పత్తిని సర్కారు జిల్లాల సాలెవారికి చేర్చినవారు ఈ బంజారీలే. రైలు రాకముందు చాందాను సముద్రముతో కలిపిన దారములలో వారి ఎద్దుల బారు ఒకటి, నది రెండవది.

ఈ లోపలి సుంకముల అన్యాయమును చార్లెస్ ట్రెవెల్యను తన నివేదికలో ఎండగట్టిన తరువాత, బంగాళములో 1836లోను, కొలదికాలమునకే బొంబాయిలోను, మద్రాసు రాజధానిలో 1844లోను వాటిని రద్దు చేసిరి. రద్దు చేసినవారు ఆ నష్టమును పూరించుకొనుటకు మద్రాసులో ఉప్పు ధరను పెంచిరి. చౌకీ పోయెను, దాని భారము పేదవాని గంజిలోని ఉప్పుకల్లు మీదికి ఎక్కెను. ఉత్తరమున ఇంకను విపరీతము జరిగెను. చవుక ఉప్పు దాటకుండుటకై సింధునది మొదలు మహానది వరకు 2,300 మైళ్ల పొడవున సుంకపు సరిహద్దును ఏర్పరచి, అందు చాలభాగము ముళ్లకంచెను పెంచి, దాదాపు 12,000 మందిని కావలి పెట్టిరి. 1879లో గాని ఆ కంచె తొలగలేదు. ఉప్పుపన్ను 1947లో గాని పోలేదు.

ఉప్పు విషయమున యానామును మరువరాదు. ఫ్రెంచివారి స్థావరములలో తయారగు ఉప్పు తమ వసూళ్లకు గండి కొట్టునని భయపడి, 1815 ఒప్పందము ద్వారా ఏటేట 4 లక్షల సిక్కా రూపాయలిచ్చుటకు ఆంగ్లేయులు ఒప్పుకొనిరి. కోరంగికి కూతవేటు దూరమున మరియొక రాజ్యపు జెండా ఎగురుచుండగా సుంకరికి నిద్ర యెట్లు పట్టును?

ప్రాణహిత మీద కల

ఇక మన ప్రాంతపు కథకు వత్తము. 1847 మొదలు 1852 వరకు సర్ ఆర్థరు కాటను ధవళేశ్వరపు ఆనకట్టను కట్టించెను. అతని దృష్టిలో నది పొలములకు నీరిచ్చుటకే కాక సరుకులు మోయుటకును పుట్టినది. నాగపూరు రాజ్యము ఆంగ్లేయుల వశమైన పిదప, వార్ధా లోయలోని పత్తిని, ముఖ్యముగా హింగన్‌ఘాటు పత్తిని, పడవలలో వార్ధా, ప్రాణహిత, గోదావరుల వెంట దింపి సముద్రమునకు చేర్చవలెనను యోచన బలపడెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలై మాంచెస్టరునకు పత్తి దొరకకపోగా ఈ కల మరింత రంగెక్కెను.

దీనికి అడ్డములు రెండు: రాళ్లును, సుంకములును. రాళ్ల అడ్డములు మూడుచోట్ల ఉండెను. దుమ్ముగూడెము కడ మొదటిది, ఇంచంపల్లి కడ రెండవది, ప్రాణహిత మీద దేవల్‌మరి కడ మూడవది. సుంకముల అడ్డమును కలముతో తొలగించిరి. 1860 డిసెంబరులో నిజాముతో జరిగిన సంధి ప్రకారము గోదావరి ఎడమ యొడ్డు తాలూకాలు ఆంగ్లేయులకు దక్కెను. ఉభయ రాజ్యములకు ఎల్లయగు మేర గోదావరిలోను దాని ఉపనదులలోను పడవల రాకపోకలు స్వేచ్ఛగా జరుగవలెననియు, పైకి పోవు సరుకుపై గాని క్రిందికి దిగు సరుకుపై గాని ఏ పక్షమువారును సుంకము పుచ్చుకొనరాదనియు ఆ సంధిలో వ్రాసికొనిరి. సిరొంచ ముఖ్యస్థానముగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడెను.

చదువరులు ఒక్క క్షణము ఆగి ఈ స్థితిని ఊహింపవలెను. మన సిరొంచ గట్టున సుంకరి లేడు. వందల మైళ్ల నది సుంకములేని రాచబాట. ఎగువన పత్తి పండుచున్నది, దిగువన రేవున ఓడలు నిలిచియున్నవి. లేనిదెల్ల పడవ పోవుటకు దారియే.

గన్నవరపు అక్విడక్టును కట్టి పేరొందిన హెయిగు అను ఇంజనీరు ఆ రాళ్ల అడ్డముల మీద ఏండ్ల తరబడి పనిచేయించెను. దుమ్ముగూడెము కడ ఆనకట్టయు, కాలువయు, లాకులును వెలసెను. అడవి జ్వరము పనివారిని పీడించెను. వేసవిలో నీరు చాలకుండెను, వానకాలమున మితిమీరెను. ఈలోగా 1865లో అమెరికా యుద్ధము ముగిసెను. 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరెను. వార్ధా లోయ పత్తి ఇక ఎండకాలమున నీటికై కాచుకొననక్కరలేక రైలెక్కి పడమటికి పోయెను. ఖర్చులకు తగిన లాభము రాదని తేల్చి 1871లో పనులు ఆపివేసిరి. 1874లో ఎగువ గోదావరి జిల్లాయే రద్దయ్యెను. భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాజధానిలో చేరగా సిరొంచ చాందా జిల్లాకు వచ్చెను. 1982లో గడ్చిరోలి వేరు జిల్లా యైనప్పుడు అది అందులోనికి పోయెను.

ఒక పనుల పట్టీ మీద గీత గీసినందున ఒక భాషా ప్రాంతము రెండు ముక్కలైన వైనమిది. సిరొంచలోని తెలుగువారు ఎచటికిని కదలి రాలేదు. వారి యిండ్లు ఉన్నచోటనే ఉండెను. వారి మీదుగా ఎల్లలు కదలెను. రాజురా తాలూకా వృత్తాంతమును ఇట్టిదే. 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలోనిది.

రేవు పోయెను, పేరు నిలిచెను

ఎగువ పత్తి రాకపోయెను. దిగువ రేవును నది పూడ్చివేసెను. ఏటేట వరద తెచ్చు ఒండ్రు కోరంగి ముఖమున మేటవేయుచుండెను. ఆవిరి ఓడలకు కావలసిన లోతు అచట లేదు. ధవళేశ్వరమునుండి త్రవ్విన కాలువ గోదావరి సరుకును నేరుగా కాకినాడకు చేర్చెను. 1890 ప్రాంతములలో తూర్పుతీరపు రైలుమార్గము రాగా సామర్లకోటనుండి కాకినాడకు శాఖయు పడెను. వర్తకులు కాకినాడకు తరలిరి. ఆఫీసులు వారి వెంట తరలెను. ఇరువదవ శతాబ్దారంభమునకు కోరంగి రేవు పని ముగిసెను. నేడు ఆ పేరు వినినవారికి మడ అడవులును, పక్షులును జ్ఞాపకము వచ్చును కాని ఓడలు రావు.

ఐనను ఆ రేవు పేరు మరియొక రీతిగా నిలిచెను. బర్మాలో తెలుగువారిని "కోరంగీలు" అనెడివారు. రంగూను రేవులో బియ్యపు బస్తాలు మోసినవారు, మిల్లులలో పనిచేసినవారు, రిక్షాలు లాగినవారు, వారిది విశాఖపట్నమైనను శ్రీకాకుళమైనను గోదావరియైనను, అచటివారి నోట కోరంగీలే. మారిషసుకు పోయిన తెలుగువారికిని ఆ పేరే అంటెను. ఓడ యెక్కిన రేవు పేరు ఒక జాతి పేరైనది.

ఇచట మన మనస్సును కలచు విషయ మొకటి కలదు. ఆ రేవున దిగిన ప్రతి మిరియపు మూటకును, ఎక్కిన ప్రతి బియ్యపు బస్తాకును పద్దు వ్రాయబడెను. దాని తూకము, వెల, యజమాని పేరు, చేరవలసిన ఊరు, అన్నియు కలవు. అదే ఓడ ఎక్కిన కూలివాని మాట అడుగువారు లేరు. అతడు మేస్త్రీ లెక్కలో ఒక తల మాత్రమే. 1930 మే నెలలో రంగూను రేవున కూలిపని విషయమై అల్లర్లు చెలరేగి తెలుగు కూలీలు ఊచకోతకు గురియైనపుడు, 1942లో జపాను దండయాత్రకు భయపడి లక్షలాది భారతీయులు అడవుల దారిని కాలినడకన మరలివచ్చునపుడు, త్రోవలో పడిపోయిన అనేకుల ఊరూ పేరూ చెప్పగల చీటి ఎవ్వరి చేతను లేకపోయెను. 1937 ఏప్రిల్ 1న బర్మా వేరు దేశమైన నాడే తండ్రుల కాలమున ఇంటివాకిలివంటి సముద్రము పరాయి సముద్రమైపోయెను.

యానాము చివరి ఘట్టమును చూచెను. 1941లో ఆంగ్లేయ, ఫ్రెంచి ప్రభుత్వములు సుంకముల విషయమున ఒక్కటిగా ఉందమని ఒప్పందము చేసికొనిరి. 1949లో అది రద్దుకాగా ఫ్రెంచి స్థావరముల చుట్టు మరల సుంకపు కావలి వెలసెను. 1954 జూన్ 13న యానాము విముక్తి పొందెను. 1962 ఆగస్టు 16న విలీనము చట్టసమ్మతమయ్యెను. అదే 1962లో పార్లమెంటు క్రొత్త సుంకముల చట్టమును చేయగా 1878 నాటి సముద్ర సుంకముల చట్టము చెల్లిపోయెను. గోదావరీ ముఖమున వేరు రాజ్యపు ఎల్లయు, దానిని కావలి కాయు సుంకరియు ఒక్కతరములోనే అంతరించిరి.

మన లెక్కల పుస్తకము

ఇరుగుపొరుగు మరాఠీ మిత్రులు స్నేహముతో మనల నడుగుచుందురు: "మీరు ఇచటికి ఎప్పుడు వచ్చితిరి?" ప్రశ్న చిన్నది, సమాధానము చెప్పబోయిన తడబడుదుము. కొందరము బొగ్గుగనుల పేరు, కొందరము విద్యుత్కేంద్రపు పేరు చెప్పుదుము. అవి అబద్ధములు కావు. ఐనను అంతయు కాదు. ఈ చంద్రపుర దేశపు పలు ఇంటిపేర్ల తుదను వినబడు "వార్" అను మాట మన "వారు" కాదా? ఆ పేర్లవారు నేడు ఇంట మరాఠీ మాటలాడుచుండవచ్చును. వారి ముత్తాతల ముత్తాతలు ఏ నదిని పట్టుకొని పైకి వచ్చిరో వారికిని తెలియదు. మనము ఇచటికి క్రొత్తగా వచ్చిన చుట్టములము మాత్రమే కాము. ఈ నేలకును గోదావరీ ముఖమునకును ఉన్న పాత రాకపోకలలో చివరి విడతవారము.

కాని దానికి రుజువేది? టేకుదుంగకు రుజువు కలదు. పత్తిమూటకు రుజువు కలదు. 1860 సంధిలో నది మీది సరుకును గూర్చి ఒక నిబంధనయే కలదు. నదిని పట్టి పైకి వచ్చిన కుటుంబమును గూర్చి ఎవ్వరును ఒక పంక్తి వ్రాయలేదు. సుంకరి వ్రాయడు, అతని పని సరుకుతోనే. వ్రాయవలసినది మనమే.

కావున మన సంఘసభ్యులకు ఒక విన్నపము. సంఘమున లెక్కల పుస్తక మొకటి తెరువుడు. అందు ప్రతి కుటుంబమునకు ఒక పుట యుండవలెను. ఏ ఊరినుండి, ఏ యేట, ఏ పనికై, ఏ దారిని వచ్చిరో వ్రాయుడు. రైలు దిగిన స్టేషను, తొలి రాత్రి తలదాచుకొన్న యిల్లు, వెంట తెచ్చిన వస్తువు, మొదట నేర్చిన మరాఠీ మాట, ఏది జ్ఞాపకమున్న అది వ్రాయుడు. ఇంటిలోని అవ్వ యింకను మాటలాడగలుగు దినములలోనే ఆమె ప్రక్కన కూర్చుండి వ్రాయుడు. అక్షరదోషములున్నను చింతలేదు. పిల్లలు తెలుగు వ్రాయలేనివారైనచో వారికి వచ్చిన లిపిలో వ్రాయనిండు. పెద్దలు దానిని తెలుగున తిరుగవ్రాయుదురు. ఆ పనిలోనే పిల్లలకు నాలుగు తెలుగు అక్షరములు పట్టుబడిన అదియొక లాభము.

గణపతిదేవుడు రాతి మీద వ్రాయించెను గనుక ఏడువందల డెబ్బదియేండ్లు దాటిన పిదపను ఆయన మాట మనకు వినబడుచున్నది. కోరంగి ఓడలెక్కిన లక్షలమంది మాట వినబడుటలేదు. ఈ రెండింటి నడుమ భేదము గొప్పతనమున కాదు, వ్రాతయందున్నది.

ఆ బండివాడు తెల్లవారిన పిదప సుంకము చెల్లించి సాగెనో లేదో న్యాయము చెప్పదు. చెల్లించియే యుండును, వేరు దారి లేదు గదా. మనము చెల్లింపవలసినది ఒక్క పుట వ్రాత మాత్రమే.